రెడీమేడ్ కైమా ఉండలు

సంక్రాంతి సంచికకి ఏదైనా రాసివ్వమని మన సంఘం వాళ్ళు ఫోన్ చేసినప్పుడు, ముగ్గుల గురించో గొబ్బెమ్మల గురించో రాస్తాననుకుని ఉంటారు. వాటి గురించి నాకంటే బాగా రాయగలిగినవాళ్ళు మన ఊళ్ళోనే పదిమంది ఉన్నారు. ఈమధ్య కాలంలో నాకు బాగా అనుభవమైన విషయం ఒక్కటే. ఫ్రీజర్లోంచి తీసి వేడి చేసుకు తినే మీట్‌బాల్స్! పండగపూట ఈ మాంసం ముద్దల గొడవేమిటని మొహం చిట్లించకండి. సంక్రాంతి అంటే మూడు రోజుల పండగ కదా. మూడోరోజు కనుమ. మాంసం తినే ఇళ్ళలో కనుమనాడు పొయ్యి మీద మాంసం ఉడకని ఇల్లు మా తెనాలి వైపు బహు తక్కువ. కనుక దీన్ని కనుమ వ్యాసం అనుకోండి. శాకాహారులు ఈ పేజీలు తిప్పేసి వెళ్ళిపోయినా నేనేమీ అనుకోను.

మేముండేది ఒహాయోలో, కొలంబస్ పక్కన. నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగస్తులమే. ఈ కథ మొదలైంది 2017లో. అప్పటికి మా అబ్బాయికి 14 ఏళ్ళు, అమ్మాయికి 10. వాడికి ఈత, దానికి వయొలిన్. నేను ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి 5:45 అయ్యేది. 6:30కల్లా వాణ్ణి ఈతకొలను దగ్గర దింపాలి. ఆ ముప్పావుగంటలో అన్నం వండి, కూర చేసి, పిల్లల చేత తినిపించడం ఎలాగో మీరే చెప్పండి. ఆదివారం వండి పెట్టుకున్న కూరలు బుధవారం దాకా వచ్చేవి. గురువారం నుంచి ఎవరి దారి వారిదే. వాడు కారులో అరటిపండు, అది టీవీ ముందు పాలల్లో అటుకుల్లాంటి సీరియల్, మావారు రాత్రి ఎనిమిదింటికి వచ్చి మిగిలిన పప్పు, నేను సింకు దగ్గర నిలబడి చేతికి దొరికిందేదో అదీ. ఒక ఆదివారం కూర్చుని లెక్క వేస్తే, ఆ వారం మొత్తం మీద నలుగురం ఒక్కపూట కూడా కలిసి తినలేదని తేలింది. ఆ మాట నేను పైకి అన్నాను. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

మా ఆఫీసులో ఒకావిడకి ముగ్గురు పిల్లలు. ఎప్పుడు చూసినా నింపాదిగా ఉంటుంది. రహస్యమేమిటమ్మా అని అడిగితే "మీట్‌బాల్స్ సంచీ" అంది. ముందే వండేసి, గడ్డకట్టించి, సంచీలో పోసి అమ్ముతారట. కావలసినన్ని తీసుకుని మిగిలినవి మళ్ళీ ఫ్రీజర్లో పడేసుకోవచ్చట. ఆ సాయంత్రమే సరుకుల దుకాణంలో ఆగి ఓ పెద్ద సంచీ కొనుక్కొచ్చాను. సంచీ మీద బొమ్మ చూస్తే నోరూరిపోతోంది. బొమ్మ చూసిన తొందరలో వెనక ఉన్న చిన్న అక్షరాలు చూడలేదు.

మావారికి చిన్న అక్షరాలు చదివే జబ్బు ఉంది. మందుసీసా అయినా, పెళ్ళి శుభలేఖ అయినా చివరిదాకా చదువుతారు. సంచీ అందుకుని, కళ్ళజోడు పైకి తోసుకుని, "బీఫ్, పోర్క్, రొట్టెపొడి, రొమానో చీజ్, గుడ్లు, సోయా" అని సహస్రనామం చదివినట్టు చదివి నా వంక చూశారు. మా ఇంట్లో కోడి, మేక, చేప తప్ప ఇంకేదీ తినం. సంచీ పట్టుకుని పక్కింటావిడ దగ్గరకు వెళ్ళాను. ఆవిడ తాతముత్తాతలు ఇటలీ నుంచి వచ్చినవాళ్ళు. సంచీ చూసి పకపకా నవ్వింది. "మా అమ్మమ్మ చూస్తే నన్ను గరిటె పెట్టి కొట్టేది. ఆదివారం పొద్దున్నే లేచి సొంత చేతుల్తో చేసేది" అంది. ఇటలీలో వీటిని పోల్పెట్టె అంటారనీ, అక్కడ విడిగానే తింటారనీ, సేమ్యాలాంటి స్పగెటీ మీద పెద్ద పెద్ద ఉండలు పెట్టుకు తినడం ఇక్కడికి వలస వచ్చాక మొదలైన అలవాటనీ ఆవిడే చెప్పింది. అంతా చెప్పి, సంచీ మాత్రం తీసుకుంది.

మరుసటి వారం కళ్ళజోడు పెట్టుకుని మరీ వెతికి, కోడిమాంసంతో చేసినవి తెచ్చాను. టర్కీ కోడితో చేసినవీ ఉంటాయి గానీ అవి మా నోటికి కాస్త పీచుగా అనిపించాయి. సరే, మొదటి రోజు. ఎనిమిది ఉండలు పళ్ళెంలో పెట్టి మైక్రోవేవ్‌లో అయిదు నిమిషాలు తిప్పాను. సంచీ మీద రెండు మూడు నిమిషాలే అని ఉంది. గడ్డకట్టినవి కదా, మనది పెద్ద మనసు కదా అని నేనే రెండు నిమిషాలు కలిపాను. బయటికి తీస్తే మా అమ్మాయి ఒకదాన్ని నేలకేసి కొట్టి, "అమ్మా, ఎగురుతోంది" అంది. రెండోరోజు మన పద్ధతిలో పోపు వేద్దామని, కాగిన నూనెలో ఉండల్ని మంచుతో సహా వేశాను. ఆ చిటపటలకి పొగ పసిగట్టే అలారం మోగింది, నా చెయ్యి కాలింది, వాడికి ఈత ఆలస్యమయింది.

మూడోసారికి కిటుకు తెలిసింది. అవి అప్పటికే ఉడికినవి. మనం ఉడికించాల్సిన పనిలేదు, లోపలిదాకా వేడెక్కించడమే మన వంతు. లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ రావాలి. దానికి మంచి ఉపాయం పులుసే. ఆదివారం నాడు ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, టొమాటో వేయించి, కారం, ధనియాలపొడి, గసగసాలు కొబ్బరి ముద్ద వేసి చిక్కటి గుజ్జు చేసి పెట్టుకుంటాను. వారం మధ్యలో ఆ గుజ్జులో కాసిని నీళ్ళు పోసి, మరిగాక ఉండలు వేసి, మూతపెట్టి సన్నసెగ మీద ఇరవై నిమిషాలు ఉంచుతాను. ఈలోగా కుక్కర్లో అన్నం అయిపోతుంది. రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఉప్పు ముందుగా వెయ్యకండి. ఉండల్లోనే కావలసినంత ఉంటుంది. నేను కొనే రకంలో ఒక్కొక్కరి వాటాకి దాదాపు 500 మిల్లీగ్రాముల సోడియం ఉంది. రోజు మొత్తానికి 2300 దాటకూడదంటారు ఇక్కడ. కనుక రక్తపోటు ఉన్నవాళ్ళు లెక్క చూసుకోండి. రెండోది, ఉండని సగానికి కోసి వేస్తే తప్ప మసాలా లోపలికి పట్టదు. ఇటలీ ఆకుల వాసన కొంచెం వస్తుంది. గరంమసాలా పడితే అది సర్దుకుంటుంది.

అలా మంగళవారం, గురువారం మా ఇంట్లో "ఉండల రోజులు" అయ్యాయి. ఆరింటికి పిల్లలిద్దరూ, నేనూ బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం. ఆ సంగతి తెలిసి మావారు కూడా గురువారాలు ఆఫీసు నుంచి ముందుగా రావడం మొదలుపెట్టారు. పదిహేను ఇరవై నిమిషాలే. కానీ ఆ పదిహేను నిమిషాల్లోనే వాడు ఈత పోటీలో ఓడిపోయిన సంగతీ, దానికి స్కూల్లో స్నేహితురాలితో మాటలు లేవన్న సంగతీ బయటికొచ్చాయి. మావారు ఉండ తింటూ ఉపన్యాసం ఇచ్చేవారు. క్లారెన్స్ బర్డ్స్ఐ అనే ఆయన లాబ్రడార్ చలిలో ఇన్యూట్ జాలర్లు పట్టిన చేపలు చూస్తూండగానే గడ్డకట్టడం, కరిగాక కూడా తాజాగా ఉండటం గమనించాడట. నెమ్మదిగా గడ్డకడితే మంచుపలుకులు పెద్దవై మాంసాన్ని చీల్చేస్తాయి, వేగంగా గడ్డకడితే సన్నగా ఉండి రుచి పాడవదు. ఆ పద్ధతిలో తయారైన సరుకు 1930లో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్ దుకాణాల్లో మొదటిసారి అమ్మకానికొచ్చింది. మా అమ్మాయి కూడా తక్కువ తినలేదు. 2018లో స్వీడన్ దేశం తన అధికారిక ట్విట్టర్ ఖాతాలో, తమ పేరుమోసిన మీట్‌బాల్స్ అసలు తమవి కావనీ, పన్నెండో చార్లెస్ రాజు టర్కీ నుంచి తెచ్చిన వంటకమనీ ఒప్పుకుందట. "టర్కీ కోడి కాదు నాన్నా, టర్కీ దేశం" అని వాళ్ళ నాన్నకి పాఠం చెప్పింది. అక్కడివాళ్ళు కోఫ్తె అంటారు, మనం కోఫ్తా అంటాం. ఆ మాటకి మూలం దంచడం, నూరడం అనే అర్థమున్న పారసీ మాట అని ఎక్కడో చదివింది.

దంచడం అన్న మాట వినగానే నా గొంతులో ముద్ద అడ్డుపడ్డట్టయింది. ఎందుకో చెబుతాను.

మా చిన్నప్పుడు, అంటే 1970లలో, తెనాలిలో మా ఇంట్లో కైమా ఉండల కూర ఏడాదికి రెండుమూడు సార్లే. కనుమకి తప్పనిసరి. నాన్న తెల్లవారకుండానే వెళ్ళి మేకమాంసం కత్తితో కైమా కొట్టించుకు తెచ్చేవారు. అమ్మ దాన్ని కడిగి, నీరంతా పిండి, వేయించిన శనగపప్పు, పచ్చిమిరపకాయలు, అల్లం వెల్లుల్లి, చెక్కా లవంగాలు వేసి పెరట్లో రుబ్బురోటి ముందు కూర్చునేది. ఒక చెయ్యి పొత్రం మీద, ఇంకో చెయ్యి రోట్లో. రెండు గంటలు. వెన్నలా అయ్యేదాకా వదిలేది కాదు. తర్వాత నిమ్మకాయంత ఉండలు చేసి పళ్ళెంలో వరసగా పేర్చి లెక్కపెట్టేది. నాన్నకి అయిదు, అన్నయ్యకి నాలుగు, నాకూ చెల్లికీ మూడేసి, చుట్టాలొస్తే వాళ్ళకి. పులుసులో వేశాక గరిటె పెట్టనిచ్చేది కాదు. ఉండ విరిగిపోతుందని, గిన్నె అంచులు గుడ్డతో పట్టుకుని కుదిపేది. అందరం తిన్నాక అమ్మ మజ్జిగన్నం తినేది. "నువ్వు తినవేమ్మా?" అంటే "నాకు పడవే" అనేది. పడవు కాబోలనే అనుకున్నాం. నలభై ఏళ్ళు అలాగే అనుకున్నాం.

అంత కష్టపడి చేసిన వంటని నేను సంచీ కత్తిరించి మూడు నిమిషాల్లో గిన్నెలో పడేస్తున్నాను. పిల్లలు లొట్టలేసుకుంటూ తింటున్నప్పుడల్లా సంతోషమూ వేసేది, దొంగతనం చేసినట్టూ ఉండేది.

2018 అక్టోబర్లో అమ్మ మా దగ్గరకొచ్చింది. అప్పటికి ఆవిడకి 74 ఏళ్ళు, నాన్న పోయి రెండేళ్ళు. అమ్మ వస్తోందని తెలియగానే నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? సంచీని ఫ్రీజర్ అట్టడుగుకి తోసి, పైన కరివేపాకు పొట్లాలు, బెండకాయ ముక్కల సంచీలు పేర్చాను. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఇంట్లో వంటకి లోటేముంది, ఆ సంచీతో పనిలేకపోయింది. పిల్లలు ఉండలేవీ అని అడిగితే కళ్ళతో సైగ చేసేదాన్ని.

జనవరిలో సంక్రాంతి వచ్చింది. కనుమ పనిదినం నాడు పడింది. "అల్లుడుగారికి కైమా ఉండలు చేసిపెడతానే, కైమా తీసుకురా చాలు" అంది అమ్మ. భుజం నొప్పితో చెయ్యి పైకెత్తలేని మనిషి! మిక్సీలో వేద్దాంలే అన్నాను. ఆఫీసు నుంచి వస్తూ మేకమాంసం దొరికే దుకాణం మీదుగా రావాలని అనుకున్నాను. ఆ రోజే మీటింగు సాగదీశారు. వారాంతంలో పడిన మంచు రోడ్డు మీద ఇంకా కరగలేదు, కార్లు నత్తల్లా కదులుతున్నాయి. దుకాణం ఊరికి అవతలి వైపు. ఏడు గంటలకి ఉత్త చేతుల్తో ఇంట్లో అడుగుపెట్టాను. ఇల్లంతా గసగసాల పులుసు వాసన. అమ్మ గుజ్జు సిద్ధం చేసి, గారెలు వేసి, కైమా కోసం ఎదురుచూస్తోంది. అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అమ్మ నా మొహం చూసింది. ఏమీ అనకుండా ఫ్రీజర్ తలుపు తీసి, కరివేపాకు పొట్లాలు పక్కకి జరిపి, అట్టడుగు నుంచి సంచీ లాగింది.

"మూడు నెలల నుంచీ చూస్తూనే ఉన్నానే. ఏ మాంసం ఇవి?"

"కోడిమాంసం అమ్మమ్మా! చాలా బావుంటాయి" అని అరిచాడు మావాడు, ఇన్నాళ్ళకి నోరు విప్పే అవకాశం దొరికిందని.

కత్తెరతో సంచీ కత్తిరించి, లెక్క పెట్టకుండా గుమ్మరించింది అమ్మ. ఇరవై నిమిషాల తరవాత, గరిటె పెట్టబోతున్న నన్ను ఆపి, గిన్నె అంచులు గుడ్డతో పట్టుకుని కుదిపింది. అవి విరగవమ్మా అని చెప్పబోయి ఊరుకున్నాను.

"అత్తయ్యగారూ, మీరు కూడా కూర్చోండి. చల్లారిపోతాయి" అన్నారు మావారు. అందరికీ వడ్డించి అమ్మ కూడా కూర్చుంది. గారె తుంచి, ఉండ తుంచి, నోట్లో పెట్టుకుంది. కాసేపు నమిలింది. "ఉప్పు ఎక్కువ. మన కైమాలా వెన్నలా లేదు. ఏదో ఆకు వాసన" అంది. అని ఇంకోటి వేసుకుంది. తరవాత ఇంకోటి. నాలుగోది వేసుకుంటూంటే నేను ఉండబట్టలేకపోయాను.

"అమ్మా, నీకు పడవుగా?"

"పడకపోవడమేమిటే?"

"చిన్నప్పుడు ఒక్కనాడైనా తిన్నావా? పడవు అనేదానివిగా?"

అమ్మ చెయ్యి కంచంలో ఆగింది. "తినబుద్ధయ్యేది కాదే. పొద్దున్నుంచీ ఆ పచ్చిమాంసం కడగడం, పిండడం, రుబ్బడం. చేతికి పట్టిన నీచు వాసన సున్నిపిండి పెట్టి తోమినా పోయేది కాదు. కంచం ముందు కూర్చుని ముద్ద నోటి దాకా తెచ్చుకుంటే అదే వాసన. ఎలా దిగుతుంది? మజ్జిగ పోసుకుని లేచేదాన్ని. అదంతా మీతో ఎందుకు చెప్పడం, పడవంటే సరిపోతుందని." చేతివేళ్ళు ఒకసారి వాసన చూసుకుని నవ్వింది. "ఇవాళ నేనేం ముట్టుకున్నాను? కత్తెరేగా."

నేను ఇన్నాళ్ళూ సిగ్గుపడింది ఏ పని చెయ్యనందుకో, ఆ పని వల్లే అమ్మ తన కూర తాను తినలేకపోయింది. ఆ రాత్రి ఇంకేమీ అనలేదు నేను. అమ్మ కంచంలో ఇంకో రెండు వేశాను. వద్దనలేదు.

మార్చిలో అమ్మ తిరిగి వెళ్ళిపోయింది. ఆ తరవాత కోవిడ్ వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. మళ్ళీ 2022లో గానీ నేను తెనాలి వెళ్ళలేకపోయాను. అన్నయ్య ఇంట్లో అమ్మ కొంచెం నెమ్మదించింది, నడక తగ్గింది. ఒక ఆదివారం, ఈసారి నేను చేస్తానని కైమా తెప్పించాను. రుబ్బురోలు పెరట్లో బోర్లించి ఉంది, ఎత్తే ఓపిక ఎవరికీ లేదు. మిక్సీలోనే నాలుగు దఫాలుగా వేశాను. కడగడం, పిండడం, పప్పుపొడి కలపడం, ఉండలు చుట్టడం - మధ్యాహ్నం ఒంటిగంట అయింది. నలభై ఉండలు లెక్క తేలాయి.

అందరికంటే ముందు అమ్మకి వడ్డించాను. నాలుగు తింది. "రోట్లో అయితే ఇంకా మెత్తగా వచ్చేది. కానీ బావున్నాయే" అంది. అందరి కంచాల్లో వేశాక అమ్మ పక్కన కూర్చున్నాను. అన్నం కలిపి ముద్ద ఎత్తాను. సబ్బుతో మూడుసార్లు కడుక్కున్న చెయ్యే. అయినా ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది.

"తినవేమే?" అంది అమ్మ.

"తరవాత తింటాలేమ్మా" అన్నాను.

అమ్మ నా చెయ్యి వంక చూసింది. ఏమీ అనలేదు. పెరుగు గిన్నె నా వైపు జరిపింది.

ఇప్పుడు మా అబ్బాయి వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటూ ఒక్కడే ఉంటున్నాడు. మొన్నామధ్య ఫోన్ చేసి, "అమ్మా, ఉండల సంచీ కొన్నాను. అమ్మమ్మ పులుసు ఎలా చెయ్యాలో చెప్పు" అన్నాడు. చెప్పాను. ఉప్పు ముందుగా వెయ్యొద్దన్నాను, గరిటె పెట్టకుండా గిన్నె కుదపమన్నాను. అవి విరగవు కదమ్మా అన్నాడు. విరగకపోయినా సరే, కుదపమన్నాను. ఒక్కడివే తినకు, స్నేహితుల్ని కూడా పిలుచుకో అన్నాను.

మీ అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు. కనుమనాడు మీ ఇంట్లో వంట చేసినవాళ్ళని కూడా కాస్త మీతోపాటు కూర్చోబెట్టుకోండి.